జూమ్ తక్కువ ఉండే కెమెరా

తిరుపతిలో మేము ఎక్కిన నాలుగో కెమెరా కొట్టు అది. జూమ్ తక్కువగా ఉండే చిన్న కెమెరా కావాలని అడిగితే, కౌంటరు వెనకున్నతను ముందు నా ముఖంలోకి, తర్వాత నా భార్య ముఖంలోకి చూశాడు. ఈయన ఇంట్లో చెప్పే బయల్దేరాడా అని ఆమెను అడుగుతున్నట్టుంది ఆ చూపు.

"తక్కువా సార్? అందురూ జాస్తి గదా అడుగుతారు! ఇదో సూడండి, ఇది అరవై రెట్లు. ఈడ నిలబడుకొని గాలిగోపురం మింద పావురాన్ని తియ్యొచ్చు."

"నాకు మూడు రెట్లు చాలు. నాలుగు దాటకూడదు."

"అట్లాంటియి ఇప్పుడు ఎవురూ కొనరు సార్. ఫోన్ తీసుకోండి. నూటెనిమిది మెగాపిక్సెళ్లు ఉండాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు కొట్లలోనూ ఇదే మాట. మనిషి ఏదైనా ఎక్కువ కావాలంటే మర్యాద చేసి కూర్చోబెడతారు. తక్కువ చాలంటే పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. నేను అడిగేది ఎందుకు అడుగుతున్నానో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, కనుక్కోలేదు.

ఇప్పుడు మీకు చెబుతాను.

నేను ముప్పై మూడేళ్ళు సర్వేయరుగా పనిచేశాను. చిత్తూరు జిల్లాలో ఎన్ని పొలాలకు హద్దులు తేల్చానో నాకే గుర్తులేదు. అన్నదమ్ములు కొడవళ్ళు పట్టుకుని నిలబడిన గట్ల మీద కూడా నేను పాతించిన రాయిని ఎవరూ పీకలేదు. ఆ నమ్మకం ఊరికే రాలేదు. పనిలో మాకొక పద్ధతి ఉండేది. కొలిచే యంత్రంలో కన్ను పెట్టినవాడు అంకె చెబుతాడు. పుస్తకం పట్టుకున్నవాడు దాన్ని గట్టిగా తిరిగి చెప్పి, ఆ తర్వాతే రాసుకుంటాడు. చూసినవాడు అవునన్నాక ఇంకో అంకెకు పోతాము. తిరిగి చెప్పకుండా రాసిన అంకెను నేను కొట్టేయించేవాణ్ణి. కొలత గొలుసు పట్టే చైన్‌మ్యాన్ ఒకడు దాని మీద కోపం తెచ్చుకుని నాతో నెల రోజులు మాట్లాడలేదు. అయినా పద్ధతి మార్చుకోలేదు.

రిటైరయ్యాక చెన్నపట్నం నుంచి ఒక స్పాటింగ్ స్కోప్ తెప్పించుకున్నాను. మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టి ఒంటి కంటితో చూసే దుర్భిణి అది. అరమైలు దూరంలోని పక్షిని ఎదురింటి గోడ మీదికి తెచ్చినట్టు చూపిస్తుంది. పదకొండేళ్ళుగా నేనూ నా భార్యా వారానికోసారి బస్సెక్కి ఏదో ఒక కొండ కిందికో, చెరువు గట్టుకో పోతుంటాము. నేను చూసి చెబుతాను, ఆమె పుస్తకంలో రాస్తుంది. తర్వాత తనూ ఒకసారి చూస్తుంది. ఇంట్లో మనిషే కాబట్టి తిరిగి చెప్పడం లాంటి తతంగం పెట్టుకోలేదు. నోటు పుస్తకాలు ఎనిమిది నిండి, తొమ్మిదోది నడుస్తోంది.

పోయిన మార్గశిరంలో కార్వేటినగరం అవతల, దారి మలుపు తిరిగే చోట స్కోప్ పెట్టాను. లోయకు అటువైపు కొండచరియ. ఆ చరియ మధ్యలో అరుగులాంటి బండ మీద రెండు పెద్ద పక్షులు భుజాలు పైకెత్తుకుని కూర్చున్నాయి.

రాబందులు!

నా చిన్నప్పుడు మా ఎద్దు చచ్చిపోతే నాయన ఊరి బయట బీట్లో వేయించాడు. నేను ఏడుస్తుంటే నన్ను తీసుకెళ్ళి దూరంగా గట్టు మీద కూర్చోబెట్టాడు. ఆకాశంలో ఒక చుక్క, రెండు, పది. రెక్కలు ముడుచుకుని ఒక్కొక్కటే దిగాయి. "ఏడవద్దు. వాళ్లొచ్చి శుభ్రం చేసి పోతారు" అన్నాడు నాయన. రాబందులను వాళ్ళు అన్నాడు, చుట్టాలను అన్నట్టు. నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు ఆ చుట్టాలు రావడం మానేశారు. పశువులకు వేసే నొప్పుల మందు వాటిని చంపేసిందని తర్వాత చదివాను. చచ్చిన పశువుల్ని కుక్కలు పీకుతుంటే చూసి నాయన తల తిప్పుకునేవాడు. వాళ్ళు మళ్ళీ వచ్చారని చెప్పడానికి నాయన లేడు.

"రాబందులు! రెండు! రాసుకో!" అని అరిచినంత పని చేశాను.

నా భార్య స్కోప్ దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది. ఆమెకు అంతకు ముందు ఏడాదే కంటి ఆపరేషన్ అయింది.

"మెడ సూసినారా?" అంది.

"చూసినాను లే, రాబందు మెడకుండే తెల్ల పట్టీ బాగా అగపడతా ఉండాది. ఆపరేషన్ చేసిన కన్ను, అంతసేపు ఆనించొద్దు. రాసుకో."

ఆమె రాసుకుంది. ఆపరేషన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆమెకు ఆపరేషన్ చేసిన డాక్టరే నాకూ శుక్లాలు ముదిరాయని అన్నాడు. ఈ కంటితోనే సగం జిల్లా కొలిచానని ఆయనకు చెప్పి లేచి వచ్చేశాను.

అసలు మంట ఆ సాయంత్రం మొదలైంది. మా ప్రాంతంలో పక్షులు చూసేవాళ్ళకు ఫోన్‌లో ఒక గుంపు ఉంది. దాన్ని నడిపే ఇంజనీరు శ్రీ సిటీలో పనిచేస్తాడు. మంచివాడే గానీ భుజాన ఫిరంగి అంత లెన్సు వేసుకుని తిరుగుతాడు. నేను సంబరంగా వార్త పెట్టాను. రెండు నిమిషాల్లో అతని జవాబు: "ఫోటో ఉందా సార్?"

లేదన్నాను. నోటు పుస్తకంలో రాసి ఉంది, తేదీ, వేళ, గాలి, ఎండ అన్నీ ఉన్నాయి అన్నాను.

"పుస్తకం ఎవరు చూస్తారు సార్? ఫోటో లేకుంటే లెక్కలోకి రాదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ పిల్లవాడు పుట్టక ముందు నుంచీ నా రాతను కోర్టులు ఒప్పుకున్నాయి. తాసిల్దారు నా పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివి సంతకం చేసేవాడు. ఇప్పుడు మనిషి మాటకూ విలువ లేదు, రాతకూ విలువ లేదు. అయినా సరే అని మర్నాటి ఆదివారం అతన్ని ఆ మలుపు దగ్గరికి పిలిచాను. వచ్చాడు. రెండు గంటలు కూర్చున్నాడు. పక్షులు రాలేదు. ఎండ ఎక్కగానే "లేవు సార్" అని లేచి పోయాడు. ఇప్పుడు లేవు అనలేదు. లేవు అన్నాడు.

ఆ రోజు గుంపులో ఎవరో ఒకాయన "సార్ కాణిపాకంలో ప్రమాణం చేస్తారా?" అని పెట్టి పక్కన నవ్వు బొమ్మలు పెట్టాడు. మా వైపు వాళ్ళకు ఆ మాట ఎంత బరువో తెలుసు. అప్పు ఎగ్గొట్టినవాడు కూడా కాణిపాకం అనేసరికి రాజీకి వస్తాడు. ఆ స్వామి ముందు అబద్ధం చెప్పి బాగుపడినవాళ్ళు లేరని మా నమ్మకం. దాన్ని నవ్వులాటకు వాడాడే అని నాకు ఆ పూట అన్నం సయించలేదు.

చేస్తాను అని పెట్టాను. చేశాను కూడా. బుధవారం పొద్దున్నే ఇద్దరం కాణిపాకం బస్సెక్కాము. అక్కడ కోనేట్లో తలస్నానం చేసి తడిబట్టలతో వరసలో నిలబడబోతూ నా భార్యను పిలిచాను.

"నువ్వూ చూసినావు గదా. నువ్వూ రా. ఇద్దురం చెప్తే ఇంగ మాట్లాడేదానికి ఉండదు."

"నేను రాను."

"ఏంటికి?"

"మీరు సూసినారు, మీరు చెయ్యండి." నా పొడి బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూర్చుంది.

బయటివాళ్ళు నమ్మకపోతే ఏదో పోనీ అనుకోవచ్చు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి నా పక్కన నిలబడనంది! ఒక్కణ్ణే లోపలికి పోయి, స్వామి ముందు చెయ్యి చాపి, నేను చూసినవి రాబందులే అని చెప్పి వచ్చాను. తిరుగు ప్రయాణంలో చిత్తూరు వచ్చేదాకా ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా నన్ను కదిలించలేదు. కిటికీ లోంచి మామిడి తోటలు చూస్తూ కూర్చుంది.

ప్రమాణం చేసి వచ్చానని గుంపులో రాస్తే ఇంజనీరు ఏమన్నాడో తెలుసా? "ప్రమాణం ఫోటో పెట్టండి సార్" అన్నాడు. నలుగురు నవ్వారు. అప్పుడు తీర్మానించుకున్నాను, వీళ్ళకు ఫోటోనే కావాలి గదా, ముఖాన కొట్టినట్టు ఫోటోనే పెడతానని.

ముందు నా ఫోన్‌తోనే ప్రయత్నించాను. స్కోప్ కంటికి ఫోన్ ఆనించి తీస్తే వస్తుందని అందరూ అన్నారు. నా ఫోన్‌కు వెనక మూడు కళ్ళున్నాయి. ఏ కన్ను ఎప్పుడు వాడాలో అది నన్ను అడగదు, దాని ఇష్టం. ఒక కన్ను సరిగ్గా ఆనించి ఊపిరి బిగబడితే, బొమ్మ గభాలున ఇంకో కంటిలోకి దూకుతుంది. మళ్ళీ వెతుక్కోవాలి. ఈలోపు పక్షి వెనక్కి తిరుగుతుంది. మూడు వారాలు పోతే నాకు మిగిలింది మసక మసకగా రెండు ముద్దలు. అవి రాబందులు కావచ్చు, ఎవరైనా బండ మీద మరిచిపోయిన మూటలు కావచ్చు.

దాంతో పాత పద్ధతిలో ఇలా తీసేవాళ్ళ రాతలు వెతికి చదివాను. సంగతి అర్థమైంది. పెద్ద కెమెరా పనికిరాదు. దాని ముందున్న గాజు స్కోప్ కంటి కన్నా ఎన్నో రెట్లు వెడల్పు, చూసేది కాస్తా చుట్టూ నల్లటి వలయమై మధ్యలో రూపాయి బిళ్ళంత వెలుగు మిగులుతుంది. జూమ్ ఎక్కువ ఉండే చిన్న కెమెరా కూడా పనికిరాదు, దాని మూతి బారెడు ముందుకు పొడుచుకొస్తుంది. దగ్గరికి తెచ్చే పని స్కోప్ ఎలాగూ చేస్తుంది. కెమెరా చెయ్యాల్సిందల్లా దాని కంటిలోకి బుద్ధిగా తొంగి చూడడం. ముందు గాజు చిన్నది, జూమ్ మూడో నాలుగో రెట్లు, మూతి ఎక్కువ బయటికి రాకూడదు. చెయ్యి తగిలి కదలకుండా, నొక్కిన రెండు సెకన్లకు తనే తీసుకునే ఏర్పాటు ఉండాలి. అంతే. ఇంత చిన్న కోరిక.

ఇప్పుడు మళ్ళీ ఆ నాలుగో కొట్టుకు వద్దాం. మాటలతో కాదని స్కోప్ తీసి, మూడు కాళ్ళూ విప్పి, కొట్టు గుమ్మంలో నిలబెట్టి రోడ్డు అవతలి బోర్డుకు గురిపెట్టాను. అమ్మేతను అరవై రెట్ల కెమెరా తెచ్చి ఆనించాడు. నేను చెప్పినట్టే నల్లటి వలయం.

"జూమ్ చేస్తే పోతాది సార్" అని మీట నొక్కాడు. మూతి సర్రున ముందుకు వచ్చి నా స్కోప్ గాజుకు టక్కున కొట్టుకుంది. నా ప్రాణం పోయింది. చెయ్యి పట్టుకుని లాగేశాను.

"మీ స్కోపే బాగలేదు సార్" అన్నాడు!

నేను నోరు తెరిచేలోపు పక్క బట్టల కొట్టాయన పరుగెత్తుకొచ్చాడు. మూడు కాళ్ళ స్టాండు, దాని వెనక నా నిలబాటు చూసి హడలిపోయినట్టున్నాడు. "సార్, రోడ్డు ఇంగా వెడల్పు చేస్తారా? మా మెట్లు పోతాయా?" అని చేతులు కట్టుకుని అడిగాడు. ఆ వెనకే టీ కొట్టాయన, చెప్పుల కొట్టాయన. నేను సర్వేకు రాలేదంటే ఎవరూ నమ్మరు! రాబందులను చూశానంటే నమ్మని లోకం, సర్వేయరును కానంటే కూడా నమ్మలేదు. వెనక నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కాణిపాకం తర్వాత ఆమె నవ్వు చూడడం అదే మొదలు. నాకు ఇంకా మండింది.

కెమెరా చివరికి మా ఊళ్ళోనే దొరికింది. చిత్తూరులో కోర్టు దగ్గర ఒక పాత ఫోటో స్టూడియో ఉంది. అఫిడవిట్లకు, పాస్‌పోర్టులకు ఫోటోలు తీసే ఆయనకు నా వయసే ఉంటుంది. నేను సగం చెప్పగానే "ముందు ఆ గొట్టాన్ని సూపించబ్బా" అన్నాడు. అన్ని కొట్లూ తిరిగితే ఆ మాట అన్నది ఆయన ఒక్కడే. స్కోప్‌లో కన్ను పెట్టి కోర్టు ఆవరణలో వేపచెట్టు మీది కాకిని చూసి, "అబ్బా, దీని కంట్లో నేనుండాను" అన్నాడు. లోపలికి పోయి, బీరువా అడుగు నుంచి అరచేతిలో ఇమిడే వెండిరంగు కెమెరా తెచ్చాడు. ఒకప్పుడు పాస్‌పోర్టు ఫోటోలు దాంతోనే తీసేవాడట. ఇప్పుడు పిల్లలకు చూపించినా ముట్టుకోరట.

మూడు రెట్లు. ముందు గాజు చింతగింజంత. మూతి బయటికి వచ్చేది వేలి కణుపు మేర. ఆనించి కొంచెం జూమ్ చేయగానే నల్లటి వలయం అంచులకు జరిగి మాయమైపోయింది. తెర నిండా కాకి. ముక్కు మీది వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. నాకు ఆయన్ని కౌగలించుకోవాలనిపించింది.

"దేనికబ్బా ఇదంతా?" అన్నాడు.

"నేను నిజం చెప్పినానని చూపించేదానికి" అన్నాను.

కెమెరానూ స్కోప్‌నూ కలిపి పట్టుకోవడానికి బోరు సామాన్ల కొట్లో ప్లాస్టిక్ పైపుల్ని కలిపే కప్లింగ్ ఒకటి వెతికి, లోపల నల్ల గుడ్డ అంటించాను. అది కూడా నా భార్యే కత్తిరించి ఇచ్చింది. ఆమె మీద కోపం పూర్తిగా పోలేదు, అయినా పుస్తకం రాయడానికి ఆమె రాకపోతే ఎలా? ఆ శుక్రవారం మొదటి బస్సుకు ఇద్దరం బయల్దేరాము.

అవి ఉన్నాయి. రెండూ అదే బండ మీద ఉన్నాయి. స్కోప్‌లో నాకు అవే భుజాలు, అదే తెల్ల పట్టీ. స్కోప్ కంటికి కప్లింగ్ తొడిగాను. కెమెరా నొక్కి చెయ్యి తీసేశాను. రెండు సెకన్లు. టిక్కుమంది. మళ్ళీ నొక్కాను. ఒక పక్షి మా వైపు తిరిగి ఒళ్ళు దులుపుకుంది. అప్పుడూ టిక్కుమంది. నలభై దాకా తీశాను. నా భార్య వెనక బండ మీద కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పుతోంది. చెనక్కాయల చట్నీ వాసన వస్తోంది. ఇప్పుడు పెట్టమను నవ్వు బొమ్మలు అనుకుంటూ, ఎండ పడకుండా తల మీద తువ్వాలు కప్పుకుని, దగ్గరి చూపు కళ్ళజోడు పెట్టుకుని, తెర మీది బొమ్మను పెద్దది చేశాను.

తల కనిపించింది. కొంచెం జరిపాను. మెడ.

మెడ నిండా ఈకలు. చక్కగా దువ్వినట్టు, గోధుమరంగు ఈకలు. బోడి మెడ కాదు. పట్టీ లేదు, గిట్టీ లేదు. నేను పట్టీ అనుకున్నది రొమ్ము తెలుపు, దాని మీద నల్లటి గీతలు. కాళ్ళకు కూడా పాదాల దాకా ఈకలు. రాబందు ఎక్కడుంది అందులో? అది గద్ద. కొండ చరియల్లో గూడు పెట్టుకునే పెద్ద జాతి గద్ద, జంట. పదకొండేళ్ళలో పది సార్లైనా చూసి ఉంటాను దాన్ని.

నలభై బొమ్మలూ చూశాను. నలభైలోనూ గద్దే. కెమెరాకు శుక్లాలు లేవు.

తువ్వాలు తీయడానికి చాలాసేపు ధైర్యం రాలేదు. తీసి, కెమెరా ఆమెకు ఇచ్చాను. ఆమె చూసి తిరిగి ఇచ్చింది. ఆశ్చర్యపోలేదు. అదీ నాకు తగిలింది.

"నీకు ముందే తెలుసునా?"

"మెడ సూసినారా అని అడిగినాను గదా."

"అట్లా అడిగితే ఏం తెలుస్తాది? గద్ద అని గట్టిగా చెప్పొచ్చు గదా!" ఆ క్షణంలో కూడా నాకు ఆమె మీదే కోపం వచ్చింది, దాచేదేముంది.

"చెప్పనిస్తే గదా మీరు. పుస్తకంలో రాసినాను. మీరు సదివినారా?"

పుస్తకం నా వైపు తోసింది. తెరిచాను. మార్గశిరంలో ఆ మొదటి రోజు పుట. ఆమె గుండ్రటి అక్షరాలు. "రాబందులు రెండు. ఇది ఆయన చెప్పినది. నాకు కనిపించినది గద్ద. మెడ నిండా, కాళ్ళ నిండా ఈకలు ఉన్నవి." ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ అంతే. ఆయన చెప్పినది, నాకు కనిపించినది. కాణిపాకం పోయి వచ్చిన వారం కూడా అదే రాసింది, ఒక్క అక్షరం మార్చలేదు.

ఆమె ఆ రోజు గోడవారగా ఎందుకు కూర్చుండిపోయిందో అప్పుడు తెలిసింది. అబద్ధం చెప్పలేక లోపలికి రాలేదు. నన్ను నలుగురిలో తక్కువ చేయలేక నోరు విప్పలేదు. నేను ఆమెతో చిత్తూరు దాకా మాట్లాడలేదు.

ఆగలేక పుస్తకం వెనక్కి తిప్పాను. ఏ పుట చూసినా నిండా ఉత్త పక్షుల పేర్లే. ఏడెనిమిది పుటలకు ఒకసారి మాత్రం ఆ మాట కనబడుతుంది. "ఇది ఆయన చెప్పినది." ఇంటికి వచ్చి మిగతా ఎనిమిది పుస్తకాలూ తీశాను. వాటిల్లోనూ ఉంది. మొదటి పుస్తకంలో, నా కళ్ళు బాగున్న రోజుల్లో కూడా ఉంది. పదకొండేళ్ళు నా వెనక నిలబడి ఆమె తను చూసింది చూసినట్టు రాసుకుంటూ వచ్చింది, నేను ఒక్కసారి తెరిచి చదవలేదు. నా పుస్తకం చూడలేదని ఇంజనీరు మీద మండిపడ్డాను. నేను చూశానా? అన్ని చోట్లలో ఎన్నింట ఆమెది నిజమో, ఎన్నింట నాది నిజమో ఇప్పుడు తేల్చడానికి ఏ కెమెరా పనికిరాదు.

"స్వామి దగ్గర అబద్ధం చెప్పి వచ్చినానే" అన్నాను ఆ సాయంత్రం.

"అబద్ధం కాదు లేండి. మీకు అట్లే అగపడింది. ఆయనకు తెలీదా ఏంది" అంది ఆమె, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ. ఒక రాయి ఏరి పారేసి, "కన్ను సూపించుకోమని మాత్రం ఆయన కూడా చెప్పుంటాడు" అంది.

గుంపులో అన్నిటికన్నా మంచి బొమ్మ పెట్టి కింద రాశాను. అది రాబందు కాదు, గద్ద. నేను పొరపాటు పడ్డాను. మొదటి రోజే సరిగ్గా చూసిన మనిషి మా ఇంట్లోనే ఉంది, ఆమె రాసి పెట్టింది కూడా. నేనే వినలేదు. ఇంత బతుకూ బతికి అది రాయడానికి నాకు గంట పట్టింది.

ఇంజనీరు జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది. "సూపర్ షాట్ సార్! ఏ కెమెరా?" ఆ తర్వాత ముప్పై మంది. ఏ కెమెరా సార్, ఎక్కడ కొన్నారు సార్, ఎన్ని రెట్లు సార్. మొదటి రోజే చూసినామె ఎవరు, ఏం రాసింది అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు! ఫోన్ విసిరికొట్టాలనిపించింది. మూడు నెలల కింద అయితే నేనూ ఆమె గురించి అడిగి ఉండేవాణ్ణి కాదని గుర్తొచ్చి, విసరలేదు.

కంటి ఆపరేషన్‌కు రోజు చెప్పారు. ఈలోపు మొన్న మళ్ళీ ఆ మలుపు దగ్గరికి పోయాము. స్కోప్ ముందు నుంచి లేచి ఆమెను కూర్చోమన్నాను. పుస్తకం నేను తీసుకున్నాను. ఆమె కన్ను ఆనించి, నిదానంగా చూసి చెప్పింది.

"గద్దలు రెండు. గూట్లో పిల్ల ఒకటి ఉండాది. తెల్లగా."

రాయబోయి ఆగాను. చైన్‌మ్యాన్‌తో నెల రోజులు మాటలు పోగొట్టుకున్న పద్ధతి గుర్తొచ్చింది. "గద్దలు రెండు, పిల్ల ఒకటి, తెల్లగా" అని తిరిగి చెప్పాను.

ఆమె స్కోప్ నుంచి కన్ను తీయలేదు.

"ఇనపళ్లా. ఇంకొంచిం గట్టిగా చెప్పండి" అంది.